టీకి ముందు భైరవి

ధారవాడ
12 జూన్ 1999

చిరంజీవి తుంగకు తొరగల్ మాస్టారు ఆశీర్వదించి రాసేది.

మాళమడ్డిలో వకీలు కొర్లహళ్లి గారి మేడ మీద నీకిచ్చిన మాట తప్పిపోయి నలభై ఏళ్లు దాటింది. నువ్వు దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. నేనూ ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తాల్సి వచ్చింది. ఆ మాట తప్పించినవాడు పుస్తకం రాశాడు.

అనంత సవదత్తి డెబ్బై రెండో ఏట తన జ్ఞాపకాలు అచ్చు వేయించాడు. పేరు 'తడిసిన తంబూరా'. తంబూరా తడిస్తే మోగదన్న సంగతి నవలలు రాసేవాళ్లకు అక్కర్లేదు కాబోలు. ప్రతి అధ్యాయంలోనూ వాన. ధారవాడలో వాన పడుతుంది, కాదనను. కానీ ఇతని పుస్తకాల్లో పడినంత ఊళ్లో ఎప్పుడూ పడలేదు. ఈ మధ్య వస్తున్న మన రచయితలందరిదీ ఇదే జబ్బు. చెప్పడానికి ఏమీ లేని చోట వాతావరణం చెబుతారు. అయినా పెన్సిలు పట్టుకుని చివరిదాకా చదివాను. చదవకుండా తిట్టేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు, వాళ్లలో చేరడం నాకిష్టం లేదు.

నూట నాలుగో పుటలో మన ఆదివారం ఉంది. ఇలా రాశాడు: "బువా ముల్తానీ రాగం ముగించారు. కిటికీ బయట మబ్బు కమ్మింది. అప్పుడు ఎవరూ పిలవకుండానే, దానంతటదే, భైరవి వచ్చింది."

భైరవి దానంతటదే రాదు. ఎవరో ఒకరు అడిగితే వస్తుంది, లేదా పాడేవాడికి ఇక చాలనిపిస్తే వస్తుంది. నీకు తెలిసిన సంగతే మళ్లీ రాస్తున్నాను. అచ్చులో ఒకలా పడిపోయింది కాబట్టి, కాగితం మీద ఇంకోలా కూడా ఉండాలి.

విశ్వంభర్‌బువా తాస్గావ్‌కర్ ఆ రోజు మేడ మీద కచేరీకి పొద్దున రైలు దిగారు. స్టేషన్ నుంచి టాంగాలో తీసుకొచ్చింది నేను. నాగూబాయి లక్కుండి కూతురు ఉంది, పందొమ్మిదేళ్లు, గొంతు బాగుంది, నేర్పేవాళ్లు కావాలి అని దారిలో చెప్పాను. ఆయన తాంబూలం ఒక బుగ్గకు సర్దుకుని, "మాస్టర్, ముల్తానీ పాడి టీకి లేస్తాను కదా. నేను టీ తాగుతుంటే ఆ పిల్లని పాడమను. నచ్చితే నాతోనే రైలెక్కుతుంది. మిగిలింది ఆ తర్వాత నేను పాడుకుంటాను" అన్నారు. మధ్యాహ్నం హాల్లో అందరి ముందూ అదే మాట మళ్లీ అన్నారు. నువ్వు లోపలి గదిలో ఆడవాళ్ల మధ్య, తలుపు పక్కనే, శ్రుతి చేసిన తంబూరా పట్టుకుని కూర్చున్నావు.

ముల్తానీ అయింది. కింద వంటింట్లో పళ్లేలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. అప్పుడు తలుపు దగ్గర్నుంచి ఒక గొంతు వచ్చింది: "బువా, భైరవి." వెనక్కి తిరిగి చూశాను. ద్వారబంధానికి ఆనుకుని నిలబడింది సవదత్తి. నోరు ఇంకా మూసుకోలేదు.

బువా పాడారు. భైరవి అయ్యాక ఆ కూటంలో ఇంకెవరూ పాడరు. ఇది మన ఊళ్లో టాంగా తోలేవాళ్లకు కూడా తెలుసు. తంబూరాలకు గుడ్డ కప్పారు. టీ వచ్చింది, అందరూ తాగారు. మర్నాడు బువా ఎవరో షావుకారు కారులో వెళ్లిపోయారు. ఏడాది తిరక్కుండానే చనిపోయారు. నువ్వు మిరజ్‌లో ఆడపిల్లల బడికి సంగీతం టీచరువయ్యావు.

ఆగస్టు ఇరవై రెండున సాహిత్య మండలి హాల్లో ఆ పుస్తకం విడుదల. నన్ను అధ్యక్షత వహించమన్నారు. అధ్యక్షత వహించగలిగిన మిగతా వాళ్లంతా చనిపోయారు. ఒప్పుకున్నాను. నూట నాలుగో పుట సభలో చదివి, ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. నువ్వు వచ్చి ముందు వరసలో కూర్చో. ఏమీ మాట్లాడక్కర్లేదు.

నాకు మిగిలిన సుఖాలు రెండే. పొద్దున బువా రికార్డు, మధ్యాహ్నం కొత్త నవల. మొదటిది విన్నాక మోసపోయానని ఏ రోజూ అనిపించలేదు. రెండోది ముగించాక దాదాపు ప్రతిసారీ అనిపిస్తుంది. పాటలో అబద్ధం చెబితే శ్రుతి అక్కడికక్కడే బయటపెడుతుంది. నవలలో చెబితే బహుమతి ఇస్తారు.


మిరజ్
25 జూన్ 1999

పూజ్యులు తొరగల్ మాస్టారికి తుంగ నమస్కరించి రాసేది.

మీ ఉత్తరం వచ్చినప్పుడు కింద కొట్లో కొత్త తంబూరా ఒళ్లో పెట్టుకుని, తీగల కింద నూలుపోగు సర్దుతున్నాను. బడి నుంచి రిటైరయ్యాక నాకిదే పని. మేడ మీద గది నాది, కింద కొట్టు దస్తగీర్‌భాయిది. అతను గుమ్మడిబుర్ర ఎండబెట్టి, కోసి, కర్ర అతికించి తంబూరా చేస్తాడు. అది మోగుతోందో గొణుగుతోందో నేను చెబుతాను. నూలుపోగు వెంట్రుకవాసి అటు జరిగితే మూగది, ఇటు జరిగితే గయ్యాళిది. మధ్యలో ఎక్కడో ఒకచోట సంసారపక్షంగా మాట్లాడుతుంది. ఆ చోటు వెతకడంలో రోజు గడిచిపోతుంది. సుఖంగానే గడుస్తుంది.

పుస్తకం నా దగ్గరా ఉంది. సవదత్తిగారే మే నెలలో పంపారు. మీరు చదివే తీరు నాకు తెలుసు మాస్టారూ. చెక్‌పోస్టు దగ్గర పోలీసు మూటలు విప్పినట్టు చదువుతారు. మంగలి నాగప్ప అధ్యాయం దగ్గర మీ పెన్సిలు ఏం చేసిందో మాత్రం రాయలేదు. రేడియోలో పాట వస్తుంటే గడ్డం మీద కత్తి ఆపేసి నిలబడిపోయే మనిషి. సగం నురుగుతో కూర్చున్న బేరం "ఏమయ్యా, నన్ను చంపుతావా, గీస్తావా?" అంటాడు. "ఈ ఆవర్తం అయ్యాక రెండిట్లో ఏదో ఒకటి చేస్తాను" అంటాడు నాగప్ప. నేను రెండుసార్లు చదివాను. అందులో వాన లేదు. సంగీతం వినడమంటే ఏమిటో పెద్ద పెద్ద వ్యాసాలు రాసినవాళ్లు నాకా ఒక్క మంగలి చూపించినంత చూపించలేదు.

ఇప్పుడు అసలు సంగతి. పుస్తకంతోపాటు సవదత్తిగారు ఒక ఉత్తరం పెట్టారు. విడుదల రోజున అరగంట పాడమని అడిగారు. పాడతానని రాశాను.

కంగారు పడకండి. నేను ధారవాడలో ఎప్పుడూ పాడలేదన్న మాట మీకు గుర్తుచేయక్కర్లేదు. బడి వార్షికోత్సవాల్లో స్వాగత గీతాలు పాడించాను, పెళ్లిళ్లలో మంగళహారతులు పాడాను. పెద్ద రాగం ఒకటి తీసుకుని, వినడం తెలిసినవాళ్ల ముందు కూర్చుని పాడింది ఒక్కసారీ లేదు. ఇప్పుడు రోజూ పొద్దున సాధన చేస్తున్నాను. దస్తగీర్‌భాయి కింద నుంచి వింటాడు. నిన్న మెట్ల దగ్గర నిలబడి, "అక్కా, అరవై ఏళ్లకి కచేరీయా?" అన్నాడు. "ఏం, నవ్వొస్తోందా?" అన్నాను. "నవ్వెందుకక్కా, పచ్చి బుర్ర ఎప్పుడైనా మోగిందా? బాగా ఎండాలి. పగిలిపోకుండా ఎండితే చాలు" అన్నాడు. పొగిడాడో తిట్టాడో ఇంకా తేల్చుకోలేదు.

ఒక్కటే అడుగుతున్నాను. నూట నాలుగో పుట గురించి సభలో మాట్లాడకండి. ఎందుకని అడగొద్దు. అడిగితే చెప్పాల్సి వస్తుంది.


ధారవాడ
6 జూలై 1999

చిరంజీవి తుంగకు తొరగల్ మాస్టారు రాసేది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు పాడటం సంతోషమే. వాడి పుస్తకం పెళ్లికి మేళంలా పాడటం సంతోషం కాదు. నీ నోటి ముందు కూడు తీసేసినవాడు నలభై ఏళ్ల తర్వాత మెతుకులు విదిలిస్తే, నువ్వు కొంగు పట్టావు.

మంగలి అధ్యాయం బాగుంది. పెన్సిలు అక్కడ ఊరుకుంది. ఒక పుస్తకంలో ఆరు పుటలు బాగుండటం ఎవరికైనా జరగొచ్చు.

శుక్రవారం గ్రంథాలయంలో సవదత్తి కనిపించాడు. పత్రికల బల్ల దగ్గర నా కుర్చీలోనే కూర్చున్నాడు. అది నా కుర్చీ అని ఊరంతా తెలుసు.

"ఏం ప్రహ్లాదా, పెన్సిలు అరిగిందా?" అన్నాడు.

"నీ పుస్తకానికి రెండు అరిగాయి."

"నయమే. నా పెద్ద నవలకి నాలుగు అరగదీశావు. ఆ సమీక్ష చదివి మా ఆవిడ నాకు వారం రోజులు పెరుగు వడ్డించలేదు. తప్పు నాదే అయ్యుంటుందంది."

"నూట నాలుగో పుటలో భైరవి ఎవరు అడిగారో రాయలేదేం?"

అతను కళ్లజోడు తీసి ధోవతి అంచుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. "గుర్తులేదు. ఆ రోజు వాన ఒకటి" అన్నాడు.

"అది ఫిబ్రవరి. వాన లేదు, మబ్బు లేదు. ఎండకి కొర్లహళ్లి కిటికీలకు కట్టిన వట్టివేళ్ల తట్టీలు తడిపించాడు."

"అవునా. అయితే నా పుస్తకంలో పడి ఉంటుంది" అన్నాడు. నవ్వలేదు. లేచి కుర్చీ నాకు వదిలి, వెళ్లేటప్పుడు భుజం మీద చెయ్యేసి, "నువ్వు చెప్పదలుచుకున్నది చెప్పు. నన్ను తిట్టు, నాకు అలవాటే. కానీ తుంగ పాడాక చెప్పు. ముందు చెప్పకు. దానికి మాత్రం దణ్ణం పెడతాను" అన్నాడు.

తప్పు చేసినవాడు ఎంత వినయంగా ఉంటాడో చూశావు కదా. ముప్పయ్యేళ్లుగా అతని పుస్తకాలకు నేను రాసిన ప్రతి మాటకీ ఇలాగే తల వంచుకుని పోయాడు. ఒక్కసారి కూడా తిరిగి రాయలేదు. జవాబు ఉన్నవాడు రాయకుండా ఉండడు.

మండలి పద్ధతి నీకు తెలియదేమో. అధ్యక్షుడి మాట ముందు, పాట తర్వాత. ఆ పద్ధతి నేను మార్చను. ముందు జరిగింది చెబుతాను. ఆ తర్వాత నువ్వు పాడితే జనానికి తెలుస్తుంది, ఏం పోగొట్టుకున్నారో.

ఇంకొక మాట. ఇది నీకెప్పుడూ చెప్పలేదు. నేను జన్మలో విన్న భైరవులన్నిటిలోకీ అదే గొప్పది. దాని తర్వాత ఇంకెవరి భైరవీ చివరిదాకా వినలేకపోయాను. కచేరీ ముగింపుకి వస్తోందనగానే చెప్పులు వెతుక్కుంటాను. గర్వమనుకుంటారు జనం. అనుకోనీ. అంత గొప్ప పాట అంత చిన్న మనిషి నోటి నుంచి వచ్చిన కోరికకు పుట్టిందే అన్నది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.


మిరజ్
19 జూలై 1999

పూజ్యులు తొరగల్ మాస్టారికి తుంగ నమస్కరించి రాసేది.

మీరు అడగలేదు. అయినా చెప్పాల్సి వచ్చింది.

భైరవి అడిగించింది మా అమ్మ.

నేను పక్కనే కూర్చున్నాను కాబట్టి నాకు తెలుసు. బువా ముల్తానీ ముగించి నీళ్లు తాగుతున్నారు. అమ్మ తలుపు సందులోంచి చెయ్యి చాపి, అవతల నిలబడ్డ సవదత్తిగారి చొక్కా అంచు లాగింది. "అనంతూ, బువాని భైరవి అడుగు" అంది. ఆయన వంగి, "ఇప్పుడా నాగక్కా? తుంగ పాడాలిగా" అన్నారు. "నేను చెబుతున్నాను, అడుగు" అంది. అమ్మ గొంతు మీకు తెలుసు కదా. నాటకాల కంపెనీలో రాజుల్ని కూర్చోబెట్టిన గొంతు. ఆయన అడిగేశారు.

నేను అమ్మ మొహం చూశాను. అమ్మ నా మొహం చూడలేదు. నా ఒళ్లోంచి తంబూరా తీసి గోడకి ఆనించింది.

మర్నాడు సవదత్తిగారు మా ఇంటికొచ్చారు. గడపలోనే నిలబడ్డారు. "నాగక్కా, నేనేం చేశానో నాకు అర్థం కాలేదు" అన్నారు. "అర్థం కాకపోతే మంచిదే. అడిగింది నువ్వు. అంతే. నా పేరు ఎక్కడా రాకూడదు" అంది అమ్మ. "సరే" అన్నారాయన. అప్పట్నుంచి నిన్నటిదాకా ఆ సరేకి కట్టుబడే ఉన్నారు. మీరు సమీక్షల్లో ఉతికి ఆరేసినప్పుడల్లా కూడా. 'దానంతటదే వచ్చింది' అన్న వాక్యం ఆయన మతిమరుపు కాదు మాస్టారూ. ఇంకెవరి పేరూ రాయలేని మనిషి రాయగలిగిన వాక్యం అది.

అమ్మ ఎందుకలా చేసిందో నాకు మిరజ్ బడిలో ఉద్యోగం వచ్చిన రోజు చెప్పింది. రొట్టెలు తడుతూ, పెనం వైపే చూస్తూ చెప్పింది. "కొల్హాపూర్‌లో ఒక బువా వెనక ఎనిమిదేళ్లు తంబూరా పట్టుకుని కూర్చున్నాను. పొద్దున ఆయనింటి అంట్లు, సాయంత్రం ఆయన వెనక పాట. ఆయనకి ఊపిరి అందని చోట నేను పాడేదాన్ని. జనం 'వాహ్ బువా' అనేవాళ్లు. మనలాంటి పాటకత్తెల ఇళ్ల ఆడపిల్లని ముందు కూర్చోబెట్టిన బువా ఇంతవరకూ పుట్టలేదు. నిన్ను వినుంటే తప్పకుండా తీసుకెళ్లేవాడే. నాకు భయం అదే" అంది. తర్వాత, "వేడిగా ఉంది, తిను" అంది.

కోపం రాలేదా అంటే వచ్చింది. రెండేళ్లు అమ్మతో సరిగా మాట్లాడలేదు. ఆ తర్వాత నా పేరు మీద గది, నా పేరు మీద జీతం, నా పేరు మీద గ్రంథాలయం కార్డు. కోపం ఎటు పోయిందో వెనక్కి తిరిగి చూసుకోలేదు. అమ్మ చేసింది ఒప్పని నేననను. తప్పని కూడా అనలేను. ఆమె పోయి పదేళ్లయింది. ఇప్పుడు మీరు సభలో సవదత్తిగారి పేరు ఎత్తితే, ఆయన ఊరుకుంటారు, నేను ఊరుకోలేను. అమ్మ పేరు నా నోటితో చెప్పాల్సి వస్తుంది. ధారవాడలో మా ఇళ్ల ఆడవాళ్ల గురించి చెప్పుకోడానికి జనానికి ఇప్పటికే చాలా ఉంది.

అది కూడా అసలు కారణం కాదు. మీకు కోపం వస్తుందేమో గానీ రాసేస్తాను. నాకు కావలసింది ఒక్క అరగంట. ఆ అరగంట జనం నన్ను చెవులతో వినాలి. మీరు ముందు లేచి ఆ కథ చెబితే, జాలితో వింటారు. జాలికి శ్రుతి అక్కర్లేదు. ఎలా పాడినా బాగుందంటారు, కళ్లు తుడుచుకుంటారు, శాలువా కప్పుతారు. నిజంగా బాగుందో లేదో నాకు తెలియదు. అప్పుడూ తెలియలేదు. ఇంకోసారి కూడా తెలియకుండానే పోతుంది. నేను అన్యాయమైపోయిన పిల్లని కాను మాస్టారూ. అరవై ఏళ్లదాన్ని, పొద్దున్నే దగ్గొస్తుంది, పూరియా ధనాశ్రీ ఒకటి సాధన చేశాను. అది వినండి.

మీకు చేతులెత్తి దణ్ణం పెట్టి చెబుతున్నాను. మీరు మాట్లాడతానంటే నేను రాను.


ధారవాడ
27 జూలై 1999

చిరంజీవి తుంగకు తొరగల్ మాస్టారు రాసేది.

నీ ఉత్తరం అందింది. ఆ సంగతి మాట్లాడను.

పుస్తకం గురించి మాత్రం మాట్లాడతాను. అందులో వాన ఎక్కువన్న అభిప్రాయం మారలేదు. రహస్యం దాచినంత మాత్రాన వచనం బాగుపడదు.

సవదత్తి దగ్గరికి వెళ్లలేదు. నేను పొరపడ్డానని అతనికి మొదట్నుంచీ తెలుసు, ఇప్పుడు నాకూ తెలిసింది. ఈ వయసులో దానికోసం మెట్లెక్కి వెళ్లి చెప్పుకోడానికి ఏముంది. గ్రంథాలయంలో ఆ కుర్చీ మాత్రం నిన్న ఖాళీగా ఉన్నా నేను కూర్చోలేదు. అతను వచ్చి, దాన్ని చూసి, నన్ను చూసి, వేరే కుర్చీలో కూర్చున్నాడు. సాయంత్రం దాకా ఇద్దరు ముసలివాళ్లం ఖాళీ కుర్చీకి అటూ ఇటూ కూర్చుని పత్రికలు చదివాం.

కార్యక్రమం వరస మార్పించాను. పాట ముందు, అధ్యక్షుడి మాట తర్వాత. మండలి కుర్రాళ్లు, "పద్ధతి అది కాదు కదా సార్" అన్నారు. "నేను పోయాక మళ్లీ మార్చుకోండి, ఎక్కువ రోజులు ఆగక్కర్లేదు" అన్నాను.

ఒక హెచ్చరిక. నేను ఎలా వింటానో నీకు తెలుసు. బాగుందో లేదో అన్నావు కాబట్టి అదే రాస్తాను. వేరేది ఆశించకు.


మిరజ్
5 ఆగస్టు 1999

పూజ్యులు తొరగల్ మాస్టారికి తుంగ నమస్కరించి రాసేది.

వేరేది ఆశించే ఉంటే ఆ ఉత్తరం మీకెందుకు రాస్తాను? ధారవాడలో మొహమాటపడే మనుషులు చాలామంది ఉన్నారు.

తబలాకి సాంగ్లీ నుంచి ఒకాయన వస్తాడు. నా తంబూరా నేనే తెచ్చుకుంటాను. దస్తగీర్‌భాయి చేసిందే. దాన్ని రైల్లో ఎలా తేవాలో అతను అరగంట పాఠం చెప్పాడు. "సీటు దానికివ్వు అక్కా, నువ్వు నిలబడు" అన్నాడు.

హాల్లో ఫ్యాన్లు ఆపించండి. గాలికి శ్రుతి కదులుతుంది. జనానికి చెమటలు పడితే పట్టనివ్వండి. రాత్రికి ఉండను, పాడి, మీ మాట విని, బండెక్కేస్తాను. ఎదురుగా కూర్చుని ఏమనిపించిందో చెప్పొద్దు. రాయండి.


ధారవాడ
24 ఆగస్టు 1999

చిరంజీవి తుంగకు తొరగల్ మాస్టారు రాసేది.

నువ్వు అడిగింది రాస్తున్నాను.

మొదటి పది నిమిషాలు బాగాలేదు. పిల్లలకు పాఠం చెబుతున్నట్టు ప్రతి స్వరాన్నీ ముందు చూపించి తర్వాత పాడావు. బడి అలవాటు అది. ఎవరికీ ఏమీ నేర్పక్కర్లేదని నీ గొంతుకు తెలియడానికి టైం పట్టింది. తారషడ్జం రెండుసార్లు చీలింది. రెండోసారి నీ మొహంలో చిరాకు కనిపించింది. అది దాచుకోవాల్సింది. మూడోసారి దాని జోలికి పోలేదు. కిందికి దిగి మంద్రంలో నిషాదం దగ్గర ఆగావు. అక్కడ్నుంచి పాట వేరే అయింది. నా పక్కన డాక్టర్ యలిగార్ దగ్గడం మానేశాడు. అతను పదిహేనేళ్లుగా ప్రతి సభలోనూ దగ్గుతున్నాడు. ఆ నిషాదం మీద నువ్వు ఎంతసేపున్నావో నేను చూసుకోలేదు. మళ్లీ మధ్య షడ్జానికి వచ్చినప్పుడు, ఎక్కడికో వెళ్లి ఇంటికొచ్చినట్టుగా కాదు, ఇల్లు ఇదేనా అని అడుగుతున్నట్టు వచ్చావు. అలాంటి రాక నేను చాలా తక్కువసార్లు విన్నాను.

గొప్ప పాట కాదు. మంచి పాట. మధ్యలో ఒక ఏడెనిమిది నిమిషాలు మంచికంటే ఎక్కువ. తబలా ఆయన తొందరపడ్డాడు, ఇంకోసారి పిలవకు. జనం చప్పట్లు కొట్టింది జాలితో కాదు. వాళ్లకు ఆ పాత కథేమీ తెలియదు కాబట్టి. ఇది నమ్మొచ్చు.

పందొమ్మిదేళ్లకు దారి దొరికి ఉంటే ఆ గొంతు ఏమయ్యేదన్నది ఈ పాట విని చెప్పగలననుకుని వచ్చాను. చెప్పలేను. అది ఇక ఎవరికీ తెలియదు. పోయింది ఏమిటంటే అదే.

నువ్వు స్టేషన్‌కి వెళ్లిపోయాక సవదత్తి నాతో హాలు మెట్లు దిగాడు. నా ప్రసంగంలో వాన గురించి అన్న మాటలకు జనం నవ్వారు కదా, అందరికంటే ఎక్కువ అతనే నవ్వాడు.

"ఈసారి నాకు గొడుగు కూడా ఇవ్వలేదు ప్రహ్లాదా" అన్నాడు.

"నీకెందుకు, నువ్వు తడవడానికే పుట్టావు" అన్నాను.

రెండు మెట్లు దిగాక, "తుంగ నీకు చెప్పేసిందా?" అన్నాడు. తలూపాను. అతను వీధి చివర భజ్జీల బండి దగ్గర ఆగి రెండు పొట్లాలు కట్టించి, ఒకటి నా చేతిలో పెట్టాడు. డాక్టర్ వద్దన్నాడన్నాను. "డాక్టర్ ఆ పక్కనే తింటున్నాడు, చూడు" అన్నాడు. యలిగార్ నిజంగానే తింటున్నాడు.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. రెండు రోజులుగా ఆ ఆదివారాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. నలభై ఏళ్లు ఒకడిని తప్పుపట్టిన మనిషికి ఆ ఒక్కడూ చేజారిపోతే చేతులు ఊరికే ఉండవు. సవదత్తి ఆ లెక్కలోంచి పోయాడు. అతను గొంతు అరువిచ్చాడు, అంతే. నాగూబాయిని అనడానికి నాకు నోరు రాదు. ఆమెకు తెలిసిన లోకంలో ఆమె చేతికి అందిన తలుపు గడియ అదొక్కటే, వేసింది. నిన్ను అనడానికి లేదు.

అడిగినవాళ్లను వరసగా తీసేస్తే పాడినవాడు మిగిలాడు. ఇది నలభై ఏళ్లలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. భైరవి ఎవరైనా అడగొచ్చు. పాడాలని ఎక్కడుంది? అంతకు ముందు సంవత్సరం హుబ్బళ్లిలో మిల్లు యజమాని ఒకడు సగం కచేరీలో భైరవి అడిగితే, ఇదే బువా "ఇంకా దానికి వేళ కాలేదు సేఠ్‌జీ, మీకు నిద్రొస్తే పడుకోండి" అన్నారు. హాలంతా నవ్వింది. నేను మురిసిపోయి ఆ మాట ఊరంతా చెప్పుకున్నాను. అంటే కాదనడం ఆయనకు చేతకాక కాదు. కొర్లహళ్లి మేడ మీద సవదత్తి అడిగినప్పుడు బువా తలెత్తి తలుపు వైపు చూశారు. నేను చూశాను. ఆ తలుపు వెనక ఒక పిల్ల కూర్చుని ఉందని ఆయనకు తెలుసు. పాడమని చెప్పింది ఆయనే, వింటానన్నది ఆయనే. 'పిల్ల పాడాక' అన్న రెండు మాటలు చాలు. అనలేదు. తంబూరాల వాళ్లకు సైగ చేసి మొదలుపెట్టారు.

ఎందుకో నాకు తెలియదు. అలసిపోయారేమో. టీ తాగి వెళ్లిపోవాలనిపించిందేమో. ఒక పిల్లని ఇంటికి వెంటబెట్టుకెళ్లడం బరువనిపించిందేమో. పెద్ద కారణమే ఉండాలని లేదు. మనం ఎవరమూ అడగలేదు. ఆ భైరవి అంత బాగుండటం వల్ల అడగలేదు. బాగాలేకపోయి ఉంటే, నాలాంటివాడు ఒక్కడైనా లేచి, "బువా, ఆ పిల్ల సంగతి?" అనేవాడు. పాట అయ్యేసరికి మా కళ్లు తడిసి ఉన్నాయి, నోళ్లు మూసుకుని ఉన్నాయి. పాటలో అబద్ధం ఉంటే శ్రుతి బయటపెడుతుందని నీకు రాశాను. ఆ రోజు శ్రుతి వెంట్రుకవాసి కదల్లేదు.

ఈ పొద్దున కూడా ఆయన రికార్డు పెట్టుకున్నాను. తోడి. మునుపటిలాగే ఉంది. ఆ గొంతులో ఏ లోటూ వినిపించలేదు, వెతికాను కూడా. రేపూ పెట్టుకుంటాను. డెబ్బై ఆరేళ్లకు ఉన్న రెండు సుఖాల్లో ఒకటి వదులుకునే తాహతు నాకు లేదు. వింటూనే ఉంటాను, తప్పు పడుతూనే ఉంటాను. ఒకదానికొకటి అడ్డం రావడం లేదు.

నీ ఆదివారానికి బాధ్యుడు ఎవరని ఎప్పుడైనా ఎవరైనా నిన్ను అడిగితే, తొరగల్ మాస్టారు ఇలా రాశాడని చెప్పు. సవదత్తి కాదు, నాగూబాయి కాదు, విశ్వంభర్‌బువా తాస్గావ్‌కర్.